పీహెచ్‌డీ థీసిస్ 'గైడెన్స్' కన్సల్టెన్సీలకు డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లూ, థీసిస్ చివరి దశలో కన్సల్టెన్సీల వైపు చూస్తున్నవాళ్లూ కాస్త ఆగండి. నేను హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ దగ్గర కొన్నది థీసిస్ కాదు. నా ప్రశ్నావళి డేటాకి ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో అనాలిసిస్, ఇంగ్లిష్ దిద్దడం, ఆఖర్న సిమిలారిటీ రిపోర్టు (వేరేవాళ్ల రాతలతో ఎంత శాతం కలుస్తోందో చెప్పేది). మాట్లాడుకున్నది ఇంతే. సగం డబ్బు ముందే తీసుకున్నారు.

అనాలిసిస్ టేబుళ్లు చూస్తే ప్రతి హైపోథెసిస్‌కీ పీ వాల్యూ 0.05 కంటే తక్కువే, అంటే అన్ని ఫలితాలూ గణాంకాల లెక్కలో 'సిగ్నిఫికెంట్' అన్నట్టే! జనాన్ని అడిగి తెచ్చిన డేటా అంత చక్కగా మన మాట వింటుందా? వాళ్లు వాడిన డేటా ఫైలు పంపమంటే "అదెందుకు మేడమ్, వైవాలో ఎవరూ అడగరు" అన్నారు. గట్టిగా అడిగితే వచ్చింది. తెరిచి చూస్తే, నేను సేకరించినవాటికంటే ఎక్కువ రెస్పాన్సులున్నాయి. దొంగ డేటా బయటపడితే సమాధానం చెప్పుకోవాల్సింది నేనే, వాళ్లు కాదు.

ఇంగ్లిష్ దిద్దడమంటే వాళ్ల లెక్కలో పారాఫ్రేజింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేసి తీయడం. 'స్టాండర్డ్ ఎర్రర్' అనే గణాంకాల పదం కాస్తా 'కామన్ మిస్టేక్' అయి కూర్చుంది.

అసలు టెన్షన్ సిమిలారిటీ దగ్గర మొదలైంది. కాపీని పట్టే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్‌లో తీసి వాళ్లిచ్చిన రిపోర్టులో పది శాతం లోపే ఉంది. అదే థీసిస్ మా యూనివర్సిటీ లైబ్రరీలో చెక్ చేస్తే దాదాపు మొత్తం కాపీ అని వచ్చింది. కారణం చెబుతాను, బాగా గుర్తుపెట్టుకోండి. టర్నిటిన్‌లో చెక్ చేసేటప్పుడు ఫైలు రిపాజిటరీలో (పోల్చిచూడ్డానికి టర్నిటిన్ దాచుకునే ఫైళ్ల నిల్వలో) దాచాలా వద్దా అనే సెట్టింగు ఉంటుంది. వీళ్లు ఏదో విదేశీ యూనివర్సిటీ క్లాస్ అకౌంట్‌లో నా డ్రాఫ్ట్ వేసి, దాచేశారు. తర్వాత టర్నిటిన్‌లో ఎవరు చెక్ చేసినా నా థీసిస్ నా పాత డ్రాఫ్ట్‌తోనే కలుస్తుంది. దాన్ని తీయించాలంటే ఆ అకౌంట్ ఉన్న సంస్థే అడగాలి, మనం అడిగితే కుదరదు. కన్సల్టెన్సీవాళ్లు 'డిలీట్ ఛార్జీ' అంటూ మళ్లీ డబ్బడిగారు!

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సిమిలారిటీ పది శాతం దాటితే 40 వరకూ ఆరు నెలల్లోపు మళ్లీ సబ్మిట్ చేయాలి. 40 నుంచి 60 అయితే ఏడాదిపాటు సబ్మిట్ చేయనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మా గైడ్ నా పాత డ్రాఫ్టులన్నీ చూపించి లైబ్రరీవాళ్లతో మాట్లాడబట్టి ఆ ఒక్క సోర్సు తీసేసి మళ్లీ లెక్కేశారు. అలా మాట్లాడే గైడ్ అందరికీ ఉండరు.

'యూజీసీ కేర్ పేపర్ గ్యారంటీ' ప్యాకేజీ కూడా అంటగట్టబోయారు. కేర్ అంటే యూజీసీ గుర్తించిన జర్నళ్ల లిస్టు, దాన్ని యూజీసీ 2025లోనే ఆపేసింది. పైగా 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్‌కి ముందు పేపర్ తప్పనిసరి అన్న షరతు లేదు. మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టిందేమో చూసుకుంటే చాలు.

సిమిలారిటీ చెక్ కోసం బయట డబ్బు పెట్టేముందు మీ లైబ్రరీలో అడగండి. యూజీసీకి చెందిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ సెంటర్ వాళ్ల శోధ్‌శుద్ధి పథకం కింద చాలా యూనివర్సిటీలకు సాఫ్ట్‌వేర్ ఉంది. ఇప్పటికే బయట చెక్ చేయించి ఉంటే సోర్సుల జాబితాతో సహా పూర్తి రిపోర్టు తెప్పించుకోండి. శాతం ఉన్న పేజీ ఒక్కటే పంపితే అనుమానించాల్సిందే. అనాలిసిస్ చేయిస్తే డేటా ఫైలు చేతికొచ్చేదాకా మిగతా సగం కట్టకండి. నేను కట్టలేదు. ముందు కట్టింది మాత్రం ఇంకా తిరిగి రాలేదు.