మడమ నొప్పికి ఏది మేలు: మ్యాగ్నెట్ చెప్పులా, కాలి కసరత్తా?

జాతరలోనో, ఎగ్జిబిషన్‌లోనో మ్యాగ్నెట్ చెప్పులు అమ్మేవాళ్లు చెప్పే మాట ఒకటే. రక్తంలో ఇనుముంది, అయస్కాంతం దాన్ని లాగుతుంది, రక్తం బాగా ఆడి నొప్పి పోతుంది. వినడానికి బాగానే ఉంది. కానీ రక్తంలోని ఇనుము మేకులాగా అయస్కాంతానికి అతుక్కునే రకం కాదు. ఎమ్మారై మిషన్‌లో చాలాచోట్ల 1.5 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) అంత బలమైన అయస్కాంతం ఉంటుంది. అందులో పడుకున్న మనిషి రక్తమే ఒకపక్కకు పోదు, చెప్పులోని బిళ్ల ఏం లాగుతుంది?

సరే, లెక్క పక్కనపెట్టి వాడినోళ్ల సంగతి చూద్దాం. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు మడమ నొప్పి ఉన్న 101 మందిని 2003లో వెలువడిన అధ్యయనంలో పరీక్షించారు. కొందరికి అయస్కాంతం ఉన్న ఇన్‌సోల్స్ (పాదం కింద వేసుకునే మెత్తటి అట్టలు), మిగతావాళ్లకు చూడ్డానికి అలాగే ఉండే ఉత్తవి ఇచ్చారు. ఎవరికి ఏవి వచ్చాయో వాళ్లకు చెప్పలేదు. 8 వారాలకు రెండు గుంపుల్లోనూ నొప్పి తగ్గింది, ఇంచుమించు ఒకే తీరుగా. అంటే "నాకు తగ్గింది" అనే పక్కింటామె అబద్ధం చెప్పడం లేదు. తగ్గించింది మెత్తటి అట్ట, గడిచిన రోజులు, కొంత నమ్మకం కావొచ్చు.

షుగర్ వల్ల అరికాళ్లు మండేవాళ్లకు అయస్కాంత ఇన్‌సోల్స్‌తో కొంత ఉపశమనం కనిపించిన అధ్యయనం ఒకటుంది. అది చూసి వాళ్లు అరికాలికి గుచ్చుకునే గుళ్లున్న మ్యాగ్నెట్ చెప్పులు మాత్రం తొడగొద్దు. స్పర్శ తగ్గిన పాదానికి పుండుపడ్డా తెలియదు.

ఇక కసరత్తుకు పైసా ఖర్చు లేదు. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేసేటప్పుడే కదా ప్రాణం పోయేది, అందుకే దిగకముందే చేయాలి. నొప్పి కాలిని రెండో మోకాలి మీద పెట్టుకుని, వేళ్లను చేత్తో మీదికి వంచి పదంకెలు లెక్కపెట్టేదాకా పట్టుకోవాలి. అలా పదిసార్లు, రోజుకు మూడుమార్లు. చిక్కల్లా ఓపికతోనే. వారానికే ఫలితం కావాలంటే కుదరదు, నెలలు పడుతుంది.

నా ఓటు కసరత్తుకే, తోడుగా మడమ కింద మెత్తగా ఉండే మామూలు చెప్పులు. మన ఇళ్లలో షాబాదు బండల మీద వట్టి కాళ్లతోనే తిరుగుతాం, అది మానేస్తే సగం హాయి. అయస్కాంతం పేరుతో అడిగే అదనపు డబ్బు మాత్రం దండగ.

నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగిసిన పెద్దవాళ్ల సంగతి వేరు. వాళ్లను ముందు ఎముకల డాక్టరుకు చూపించాలి.