పాత ఫోర్ వీల్ డ్రైవ్: ఇంజిన్ పోయినదా, చాసిస్ తుప్పు పట్టినదా?

ఆఫ్‌రోడింగ్ కోసం పాత బండి వెతికితే తరచూ రెండు రకాలు తగులుతాయి. ఇంజిన్ బ్రహ్మాండంగా ఉన్నా చాసిస్‌ని (బండికి అడుగున ఉండే ఇనుప చట్రాన్ని) తుప్పు తినేసినది ఒకటి, చాసిస్ గట్టిగా ఉండి ఇంజిన్ పొగ కక్కి ఆగిపోయినది ఇంకొకటి. నన్నడిగితే రెండోదే.

ఇంజిన్‌ని విప్పి దించొచ్చు, రింగులు, బేరింగులు మార్చొచ్చు, కాదంటే వేరే ఇంజినే ఎక్కించొచ్చు. తుప్పు అలా కాదు. సుజుకి జిమ్నీ, పాత టొయోటా ల్యాండ్ క్రూయిజర్ లాంటి ల్యాడర్ ఫ్రేమ్ (నిచ్చెన ఆకారపు చాసిస్) బళ్లలో సస్పెన్షన్, స్టీరింగ్ బాక్స్ ఆ ఫ్రేమ్‌కే బిగించి ఉంటాయి, రాళ్ల మీద ఒక చక్రం గాల్లోకి లేచినప్పుడు మెలితిప్పే బరువు మోసేదీ అదే. పైగా బురదా నీళ్లూ లోపల నిలిచి లోపలి నుంచే తినేస్తాయి, బయటికి కనపడదు. కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంటే ఇంకా అనుమానించాలి! స్ప్రింగులు బిగించే చోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి; దిగిందా, వదిలేయండి. ఫ్లోర్‌లో చిల్లులంటే వెల్డింగ్‌తో పోతాయి, వాటికి టెన్షన్ అక్కర్లేదు.

మొదటిదానికి ఉన్న లాభమల్లా, నడిపి చూడొచ్చు, లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేర్లు) పడుతుందో లేదో తెలుస్తుంది. ఆగిపోయిన బండిలో ఆ వీలు లేదు, కాబట్టి గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచేది) కూడా పోయాయనుకునే బేరమాడండి.