"ఆభాకు కలిపే ఉంది మేడం" అంటే డబ్బు కట్టేయకండి

చిన్న ఆసుపత్రులు, ల్యాబ్‌లు నడిపేవాళ్ళు సాఫ్ట్‌వేర్ కొనేముందు ఇది చదవండి. ఆభా అంటే రోగి ఆరోగ్య రికార్డులు జతచేసుకునే ప్రభుత్వ ఆరోగ్య ఖాతా. మా 12 పడకల నర్సింగ్ హోమ్‌కు నిరుడు ఒకటి కొన్నాం. అమ్మినవాళ్ళ పేరు రాయను. "రికార్డులన్నీ పేషెంట్ల ఫోన్లోకే వెళ్ళిపోతాయి" అని చెప్పి ఏడాది డబ్బు ముందే కట్టించుకున్నారు.

మధుమేహం ఉన్న ఒక పెద్దావిడ గుంటూరులో వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళి ఫోన్ చూపించింది. అందులో ఆరు ఓపీ చీటీలున్నాయి. ఒక్కోదాంట్లో పేరు, తేదీ, మా డాక్టరు పేరు, అంతే. మా ల్యాబ్‌లో నాలుగుసార్లు చేసిన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష) ఒక్కటీ లేదు. పాపం మళ్ళీ రక్తం ఇచ్చి, మళ్ళీ డబ్బు కట్టి వచ్చింది. "ఓటీపీ అడిగి ఆభా నంబరు తీసింది మీరే కదమ్మా" అని ఆవిడ అంటే నాకు నోట మాట రాలేదు.

ఆరా తీస్తే తెలిసింది. ఆభాను నడిపే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో నిబంధనలు, రిజిస్ట్రీలు (డాక్టర్ల, ఆసుపత్రుల జాబితాలు) ప్రభుత్వానివి, వాటిమీద సాఫ్ట్‌వేర్ కట్టేది ఎక్కువగా ప్రైవేటు కంపెనీలు. దానికి కలవాలంటే సాఫ్ట్‌వేర్ దాటాల్సిన మెట్లున్నాయి. ఎం1 అంటే 14 అంకెల ఆభా నంబరు తీయడం. ఎం2 అంటే మన రికార్డును దానికి జతచేయడం. ఎం3 అంటే రోగి ఒప్పుకుంటే బయటి రికార్డు మనం చూడటం. మాకు అమ్మినవాళ్ళ సాఫ్ట్‌వేర్‌కు ఎం2 ఉంది, అబద్ధం చెప్పలేదు. కానీ జతచేసేది ఓపీ చీటీ ఒక్కటే!

2023 జనవరిలో మొదలైన ప్రభుత్వ ప్రోత్సాహక పథకంలో ఆసుపత్రులకూ కంపెనీలకూ డబ్బు వచ్చేది ఎన్ని రికార్డులు జతయ్యాయన్న లెక్కనుబట్టే. చీటీ జతచేయడం తేలిక. ల్యాబ్ మెషీన్ నుంచి విలువలు తెచ్చి జతచేయడం నెలల పని. అసలు కొత్తదనం కావాల్సింది అక్కడే, కానీ లెక్క చీటీలతోనే పెరుగుతుంటే ఆ కష్టం ఎవరు పడతారు? పక్క ఊరి డాక్టరుకు పనికొచ్చిన రికార్డుకే డబ్బివ్వాలని నా గట్టి అభిప్రాయం.

మీరు మాత్రం డెమో వాళ్ళ ల్యాప్‌టాప్‌లో చూడకండి. మీ ల్యాబ్‌లో పరీక్ష చేయించి, ఆ విలువలు మీ ఫోన్లో కనపడ్డాకే చెక్కు రాయండి. ఆ సాఫ్ట్‌వేర్ మానేస్తే డేటా మొత్తం ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో ఒప్పందంలో రాయించుకోండి. మేము అడిగితే విడిగా డబ్బడిగారు. ఆభా తప్పనిసరి కాదన్న సంగతి కూడా కౌంటర్‌లో పేషెంట్లకు చెప్పండి.

ఆవిడ నాలుగు రిపోర్టులూ ప్రింటు తీసి, ఫైల్లో పెట్టి, ఇంటికెళ్ళి ఇచ్చొచ్చాను.