ఆర్‌సీ ట్రాన్స్‌మిటర్: హంగులు మేలా, భరోసా మేలా?

ఆర్‌సీ (రేడియోతో నడిపే) విమానం కట్టేవారు మోటారు గురించీ బ్యాటరీ గురించీ ఎంతో ఆలోచిస్తారు. చేతిలో పట్టుకుని విమానాన్ని నడిపే ట్రాన్స్‌మిటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఛానెళ్లు (విడివిడిగా పంపగల ఆదేశాలు) ఎన్ని, స్విచ్చులు ఎన్ని, తెర రంగుల్లో ఉందా అని చూసి తేల్చేస్తారు. విమానం విరిగితే ఇంకొకటి కట్టుకుంటాం. ట్రాన్స్‌మిటర్ ఏళ్ల తరబడి చేతిలో ఉంటుంది, ప్రతి విమానం ప్రాణమూ దాని మీదే ఆధారపడుతుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను: సిగ్నల్ తెగినప్పుడు, కరెంటు పడిపోయినప్పుడు విమానాన్ని కాపాడే సౌకర్యాలకే మొదట డబ్బు పెట్టాలి. మిగతావన్నీ ఆ తరువాతే.

ఒకప్పుడు సిగ్నలే పెద్ద సమస్య. బ్రిటన్‌లో 35, అమెరికాలో 72 మెగాహెర్ట్జ్ సెట్లు వాడే రోజుల్లో మైదానంలో ఇద్దరి స్ఫటికాలు (సెట్టు ఫ్రీక్వెన్సీని నిర్ణయించే ముక్కలు) ఒకే ఫ్రీక్వెన్సీవి అయితే విమానం కూలిపోవలసిందే. అందుకే ఫ్రీక్వెన్సీకి ఒక క్లిప్పు చొప్పున బోర్డుకు తగిలించి ఉంచేవారు. క్లిప్పు చేతిలో ఉన్నవారే సెట్టు ఆన్ చేయాలి. 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వచ్చాక ఆ బాధ పోయింది. ఇప్పుడు చవక సెట్టు కూడా ఫ్రీక్వెన్సీ మార్చుకుంటూ విమానంలోని తన రిసీవర్‌తో మాత్రమే మాట్లాడుతుంది. కాబట్టి పోలిక మొదలుపెట్టాల్సింది సిగ్నల్ ఎంత దూరం పోతుందన్న దగ్గర కాదు. మీటరు పైచిలుకు రెక్కలున్న శిక్షణ విమానం మూడు నాలుగు వందల మీటర్లు దాటితే ఎటు వంగిందో కంటికే సరిగా తెలియదు. కిలోమీటర్ల కొద్దీ రేంజ్ ఉందని పెట్టె మీద వేసిన మాటకు అదనంగా డబ్బు ఇవ్వనక్కర్లేదు.

ఇక మూడు రకాలు చూద్దాం.

మన ఇంజినీరింగ్ కాలేజీల ప్రాజెక్టు బల్లల మీద తరచూ కనిపించేది ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6. ఆరు ఛానెళ్లు, చిన్న తెర, నాలుగు ఏఏ సెల్లులు. నేర్చుకోవడం సులువు, గందరగోళపడేందుకు అందులో పెద్దగా ఏమీ లేదు. రిసీవర్‌కు అందుతున్న వోల్టేజీని కూడా తెర మీద చూపిస్తుంది. బలహీనత స్టిక్కుల్లో ఉంది. లోపల ఉండేవి పొటెన్షియోమీటర్లు. కార్బన్ పూత మీద లోహపు ముక్క రాసుకుంటూ తిరుగుతుంది కనుక అరుగుదల, దుమ్ము తప్పవు. కొన్నాళ్లకు స్టిక్కు కదపకపోయినా సర్వో (రెక్క, తోక పలకలను కదిపే చిన్న మోటారు) సన్నగా వణకడం మొదలవుతుంది. సెల్లుల స్ప్రింగులు వదులైతే మరింత ప్రమాదం. ఈ సెట్టు కొన్నవారు వారానికోసారైనా సెల్లులు తీసి, స్ప్రింగులు తుడిచి, బిగువు చూసుకోవాలి.

రెండోది రేడియోమాస్టర్ బాక్సర్, టీఎక్స్16ఎస్ వంటివి. వీటిని లోపలి నుంచి నడిపించే సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) పేరు ఎడ్జ్‌టీఎక్స్, అది ఓపెన్ సోర్స్. 2021లో ఓపెన్‌టీఎక్స్ అనే పాత ఫర్మ్‌వేర్ నుంచి విడిగా మొదలైంది. స్టిక్కుల్లో హాల్ సెన్సర్లు ఉంటాయి. అయస్కాంత క్షేత్రాన్ని బట్టి కదలికను కొలుస్తాయి కనుక అక్కడ రాపిడి, అరుగుదల లేవు. ఆన్ చేయగానే థ్రాటిల్ (మోటారు వేగం పెంచే స్టిక్కు) పైకి ఉన్నా, స్విచ్చు తప్పు చోట ఉన్నా హెచ్చరించి ఆగుతుంది. సిగ్నల్ బలహీనపడితే మాటల్లో చెబుతుంది, కళ్లు విమానం మీద నుంచి తిప్పనక్కర్లేదు. వీటిని హంగులు అనను, ఇవి భరోసాలో భాగం.

అయితే ఇదే సెట్టులో గోతులూ ఉన్నాయి. ట్రాన్స్‌మిటర్‌ను రిసీవర్‌తో కలిపే ఎక్స్‌ప్రెస్‌ఎల్‌ఆర్‌ఎస్ అనే రేడియో లింకునే తీసుకోండి. దాని మామూలు అమరికలో అయిదో ఛానెల్‌కు రెండే స్థితులు: ఆన్, ఆఫ్. మోటారు ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు కోసం డ్రోన్లు ఎగరేసేవారికి అలా పెట్టారు. విమానం కట్టేవారు రెండో ఐలెరాన్‌ను (విమానాన్ని పక్కకు వంచే రెక్క పలకను) అలవాటుగా అయిదో ఛానెల్‌కు తగిలిస్తే, ఒక రెక్కది స్టిక్కుతో పాటు మెల్లగా కదులుతుంది, రెండోది ఒక్కసారిగా పూర్తిగా ఒక కొసకు పోతుంది. బల్ల మీద చూస్తే వెంటనే తెలిసిపోతుంది, చూడకుండా ఎగరేస్తే చేయగలిగిందేమీ లేదు. ట్రాన్స్‌మిటర్‌లో మూడో తరం ఫర్మ్‌వేర్, రిసీవర్‌లో రెండో తరం ఉంటే అసలు జత కలవవు. వేగం ఎంపిక కూడా ఉంది. సెకనుకు 500 ప్యాకెట్లు (ఆదేశాల పొట్లాలు) ఎంచుకుంటే రిసీవర్ గ్రహణశక్తి మైనస్ 105 డీబీఎం, 50 ఎంచుకుంటే మైనస్ 115, అంటే ఇంకా బలహీనమైన సిగ్నల్‌నూ అందుకోగలదు. సాధారణ అనలాగ్ సర్వో సెకనుకు 50 సార్లే ఆదేశం తీసుకుంటుంది. విమానానికి 500 పెట్టడమంటే ఉపయోగం లేని వేగం కోసం సిగ్నల్ బలాన్ని పోగొట్టుకోవడమే.

మూడోది ఫుటాబా కంపెనీ సెట్లు. ఖర్చు ఎక్కువ, రిసీవర్లు మరీ ఖరీదు. సొంతంగా తర్కం అల్లుకునే స్వేచ్ఛ ఎడ్జ్‌టీఎక్స్‌లో ఉన్నంత ఉండదు. విమానం రకం, రెక్క రకం, తోక రకం ఎంచుకుంటే మిగతాది చాలావరకు అదే అమర్చుకుంటుంది. పొరపాటు చేయడానికి చోటు తక్కువ. 16ఐజెడ్, 18ఎస్‌జెడ్ వంటి సెట్లు ఫాస్ట్ (FASST) అనే ఫుటాబా పాత పద్ధతి రిసీవర్లతో కూడా పనిచేస్తాయి. ఉన్న విమానాలను విప్పి రిసీవర్లు మార్చే పని తప్పుతుంది. దీర్ఘకాలపు భరోసా అంటే నా దృష్టిలో ఇదే.

మూడింటిలో ఏది కొన్నా కాపాడలేని చోటు ఒకటుంది. "సిగ్నల్ పోయి కూలింది" అనుకునే ప్రమాదాల్లో చాలావాటికి అసలు కారణం విమానం లోపలి కరెంటు. గట్టి మలుపులో నాలుగు డిజిటల్ సర్వోలు ఒక్కసారి లాగితే బలహీనమైన బీఈసీ (బ్యాటరీ నుంచి రిసీవర్‌కూ సర్వోలకూ కరెంటు ఇచ్చే భాగం) చేతులెత్తేస్తుంది, రిసీవర్ వోల్టేజీ పడిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ తొలినాళ్ల రిసీవర్లు కొన్ని మూడున్నర వోల్టుల దగ్గర ఆగిపోయి, మళ్లీ లేచి జత కలవడానికి కొన్ని సెకన్లు తీసుకునేవి. సెకనుకు 15 మీటర్ల వేగంతో పోయే విమానం మూడు సెకన్లలో 45 మీటర్లు అదుపు లేకుండా పోతుంది. ఇప్పటివి త్వరగా కోలుకుంటాయి, కానీ కరెంటు తెగడం తెగడమే. ట్రాన్స్‌మిటర్‌లో ఒక మెట్టు తగ్గి, మిగిలిన డబ్బుతో మంచి బీఈసీ కొనడం ఎంతో మేలు.

ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ తెగితే విమానం ఏం చేయాలన్న అమరిక) విషయంలో పెట్టె మీది మాట నమ్మవద్దు. ప్రొపెల్లర్ తీసేసి, థ్రాటిల్ సగానికి పెట్టి, ట్రాన్స్‌మిటర్ ఆపేసి చూడండి. మోటారు ఆగాలి. తిరుగుతూనే ఉంటే ఎంత ఖరీదైన సెట్టయినా ఆ రోజు ఎగరేయకూడదు.

మన దేశానికి సంబంధించిన మాట ఒకటి. 2.4 గిగాహెర్ట్జ్‌కు లైసెన్సు అక్కర్లేదు, 865–868 మెగాహెర్ట్జ్‌కూ నిర్ణీత శక్తి పరిమితిలో అక్కర్లేదు. అమెరికా కోసం చేసిన 915 మెగాహెర్ట్జ్ మాడ్యూల్‌కు ఇక్కడ ఆ మినహాయింపు లేదు. దూరం ఎక్కువ వస్తుందని దాన్ని కొనకండి.

ఏది కొనాలని అడిగితే: ఫోమ్ విమానంతో ఒంటరిగా నేర్చుకునేవారికి ఎఫ్‌ఎస్-ఐ6 కన్నా బాక్సర్ తరగతి సెట్టు మేలు. మొదటి ఏడాది ఒక మోడల్, మామూలు మిక్సులు (ఒక స్టిక్కుతో రెండు భాగాలను కలిపి కదిపే అమరికలు), మోటారును ఆపే థ్రాటిల్ కట్ స్విచ్చు, రెండు హెచ్చరికలతో సరిపెట్టుకోవాలి. సెట్టులో అదనంగా వేసుకునే చిన్న ప్రోగ్రాములు, అంటే లువా స్క్రిప్టులు, అప్పటిదాకా ఆగవచ్చు. ఇంజిన్‌తో ఎగిరే రెండు మూడు కిలోల విమానానికి, చుట్టూ జనం ఉండే మైదానానికి, స్తోమత ఉంటే ఫుటాబాయే నా ఎంపిక. కాలేజీ క్లబ్బులో పదిమంది చేతులు మారే సెట్టయితే మాత్రం ఐ6 చాలు. ఎవరు ఏ అమరిక మార్చారో వెతకడానికి అందులో పేజీలు తక్కువ, ఎగరేసే ముందు అవన్నీ రెండు నిమిషాల్లో చూసేయవచ్చు.