సగటుల పోలికకు ఆర్ సాఫ్ట్‌వేర్: ఏఓవీ ఫంక్షన్‌పై సమీక్ష

మూడు రకాల ఎరువులు వేసిన మళ్లలో దిగుబడుల సగటులు వేర్వేరుగా కనిపించినప్పుడు, ఆ తేడా ఎరువు వల్ల వచ్చిందా, లేక ఒకే ఎరువు వేసిన మళ్ల మధ్య కూడా ఉండే సహజమైన హెచ్చుతగ్గుల వల్ల వచ్చిందా అని తేల్చేది అనోవా, అంటే విస్తృతి విశ్లేషణ. వ్యవసాయ పీజీ విద్యార్థుల థీసిస్ లెక్కలు సరిచూసే పనిలో నేను రోజూ వాడేది ఆర్ సాఫ్ట్‌వేర్. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ ప్రారంభించిన ఈ సాఫ్ట్‌వేర్ 1.0.0 వెర్షన్ 2000లో వెలువడింది. ఇది నేటికీ పూర్తిగా ఉచితం. లైసెన్సు రుసుము కట్టలేని విద్యార్థికి ఇది చిన్న మేలు కాదు.

ఆర్‌తో పాటే వచ్చే ప్లాంట్‌గ్రోత్ అనే దత్తాంశంతో దీని పనితీరును చూపిస్తాను. ఇందులో ఒక కంట్రోల్ (పోలిక కోసం ఏ ట్రీట్‌మెంటూ ఇవ్వని గ్రూపు), రెండు ట్రీట్‌మెంట్లు, ఒక్కొక్క దానిలో 10 మొక్కల ఎండు బరువులు ఉన్నాయి. సగటులు వరుసగా 5.032, 4.661, 5.526. ఆర్‌లో అనోవా లెక్కించే ఏఓవీ (aov) ఫంక్షన్ నడిపి సమ్మరీ అడిగితే రెండే వరుసల పట్టిక వస్తుంది: గ్రూపుల మధ్య మీన్ స్క్వేర్ (హెచ్చుతగ్గుల కొలత) 1.883, గ్రూపుల లోపలిది 0.389, వాటి నిష్పత్తి అయిన ఎఫ్ విలువ 4.846, పి-విలువ (నిజంగా ఏ తేడా లేకపోయినా ఇంత పెద్ద ఎఫ్ యాదృచ్ఛికంగా వచ్చే సంభావ్యత) 0.0159. ఇంత పొదుపైన పట్టిక నాకు ఎంతో ఇష్టం, ఎందుకంటే లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో వేలుపెట్టి చూపించి విద్యార్థికి చెప్పవచ్చు.

అయితే సగటులన్నీ సమానం కావన్నంత వరకే ఈ పట్టిక చెబుతుంది. ఏది దేనికంటే భిన్నమో చెప్పదు. అలాగని జతజతకూ విడివిడిగా టి-పరీక్ష (రెండు సగటులను పోల్చే పరీక్ష) చేసుకుంటూ పోకూడదు. 5 శాతం స్థాయిలో మూడు స్వతంత్ర పరీక్షలు చేస్తే, ఎక్కడో ఒకచోట లేని తేడా ఉన్నట్టు తేలే అవకాశం దాదాపు 14 శాతానికి పెరుగుతుంది. ఈ పనికి ఆర్‌లో, ఆ అవకాశాన్ని అదుపులో ఉంచుతూ అన్ని జతలనూ కలిపి పోల్చే ట్యూకీ హెచ్‌ఎస్‌డీ పరీక్ష ఉంది. దాని ప్రకారం రెండు ట్రీట్‌మెంట్ల మధ్య తేడా మాత్రమే నిలుస్తుంది (పి-విలువ 0.012), కంట్రోల్‌తో పోల్చినప్పుడు రెండింటిలో ఏదీ నిలవదు. పి-విలువ 0.05 కంటే తగ్గిందని చూడగానే "ట్రీట్‌మెంట్లు కంట్రోల్ కంటే మెరుగు" అని రాసేసిన థీసిస్ ప్రతులు నా చేతికి చాలానే వచ్చాయి.

నేను తప్పుపట్టేది ఒక్క విషయాన్నే, కానీ అది తీవ్రమైనది. గ్రూపులకు పేర్లు కాకుండా 1, 2, 3 అని అంకెలు వేసి, వాటిని ఫ్యాక్టర్‌గా (అంటే గ్రూపు పేర్లుగా) మార్చడం మరిచిపోతే, ఏఓవీ ఏ హెచ్చరికా ఇవ్వకుండా ఆ అంకెలను కొలతలుగా భావించి సరళరేఖను అమరుస్తుంది. పైన చెప్పిన దత్తాంశంలోనే అలా చేస్తే ఎఫ్ విలువ 2.62కు పడిపోతుంది, పి-విలువ 0.1 దాటుతుంది, ఉన్న తేడా మాయమవుతుంది. పట్టిక మాత్రం చూడ్డానికి ఎప్పటిలాగే ఉంటుంది. పట్టుకోవడానికి ఆధారం డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (Df) కాలమ్ ఒక్కటే: గ్రూపుల సంఖ్య కంటే ఒకటి తక్కువగా, మూడు గ్రూపులకు 2 ఉండవలసిన చోట 1 కనిపిస్తుంది. అందుకే నేను ఎవరి ఫలితం చూసినా పి-విలువ కంటే ముందు ఆ కాలమ్‌నే చూస్తాను.

గ్రూపుల విస్తృతులు సమానమన్న ఊహ మీద ఏఓవీ నడుస్తుంది. ఆ నమ్మకం లేనప్పుడు వన్‌వే టెస్ట్ అనే ఫంక్షన్ వాడాలి. ఏమీ చెప్పకపోతే అది విస్తృతులు సమానమని అనుకోని వెల్చ్ పద్ధతినే అనుసరిస్తుంది. ఇక్కడ దాని పి-విలువ 0.0174, అంటే నిర్ణయం మారలేదు.

మన వ్యవసాయ థీసిస్‌లలో పట్టిక అడుగున తప్పక వేసే సీడీ విలువ (క్రిటికల్ డిఫరెన్స్, అంటే రెండు సగటులు భిన్నమనడానికి వాటి మధ్య ఉండవలసిన కనీస తేడా; దీన్నే ఎల్‌ఎస్‌డీ అని కూడా అంటారు) ఏఓవీ సమ్మరీలో రాదు. దానికి అగ్రికోలే ప్యాకేజీని విడిగా ఇన్‌స్టాల్ చేసుకుని, అందులోని ఎల్‌ఎస్‌డీ టెస్ట్ నడపాలి. ప్లాంట్‌గ్రోత్‌కు ఆ విలువ సుమారు 0.57 వస్తుంది, సగటుల పక్కన ఏ, బీ అక్షరాలు కూడా అదే వేసి ఇస్తుంది (ఉమ్మడి అక్షరం లేని సగటులు భిన్నమని అర్థం). ఏమీ చెప్పకపోతే అది పోలికల సంఖ్యను బట్టి పి-విలువలను సవరించదు కనుక, ట్రీట్‌మెంట్లు ఎక్కువగా ఉన్న ప్రయోగాలకు నేను ట్యూకీ ఫలితాన్నే రాయమంటాను.