టీలోకి పంచదార వెయ్యమంటారా?

అమెరికన్ రచయిత్రి షిర్లీ జాక్సన్ 1962లో రాసిన 'వి హ్యావ్ ఆల్వేజ్ లివ్డ్ ఇన్ ద క్యాజిల్' నవల కొని ఎనిమిదేళ్లయింది, ఇప్పటికి నాలుగుసార్లు చదివాను. కథ మొత్తం చెప్పను. నాకు చెప్పాలనున్నది ఒక్క టీ సీను గురించే.

నవల్లో ఆరేళ్ల కింద ఒక ఇంట్లో పంచదారలో ఆర్సెనిక్ కలిసి నలుగురు పోయారు. వంట చేసిన కాన్‌స్టాన్స్ మీద కేసు నడిచి కొట్టేశారు. ఇప్పుడు అదే ఇంటికి ఇద్దరు ఆడవాళ్లు టీకి వస్తారు. ఒకావిడకి ఆ సంగతి అడగాలని ఒకటే దురద, కానీ మొహమాటం. విషం తిని బతికిన జూలియన్ బాబాయేమో ఎవరైనా అడక్కపోతారా అని చక్రాల కుర్చీలో కాచుక్కూర్చుంటాడు, అడగ్గానే ఎవరెంత పంచదార చల్లుకున్నారో పెళ్లి వడ్డనలు గుర్తు చేసుకున్నంత హుషారుగా చెప్తాడు. అదే సీన్లో కాన్‌స్టాన్స్ చెల్లెలు మెరికాట్ ఆవిడని పంచదార కావాలా అని ఎంత మర్యాదగా అడుగుతుందంటే, బస్సులో చదువుతూ పైకే నవ్వేశాను, పక్కాయన కొంచెం జరిగి కూర్చున్నాడు.

ఓసారి కరెంటు పోయిన రాత్రి ఈ సీను అమ్మకి తెలుగులో చెప్పుకొచ్చాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నదల్లా ఆపేసింది.

"పోలీసులు రాకముందే ఆ కాన్‌స్టాన్స్ పంచదార గిన్నె కడిగేసిందా? ఎందుకురా?"

"అందులో సాలీడు ఉందట."

"ఆ మాట ముందు చెప్పవేం! సాలీడుంటే కడగదూ?"

నేను నవ్వుతూనే ఉన్నాను. అమ్మ మాత్రం కాసేపాగి, "అయినా విషం కలిసిన ఆ రాత్రి చిన్నపిల్ల మెరికాట్‌ని అన్నం పెట్టకుండా పడుకోబెట్టడం ఏంటి, పాపం" అంది. ఆ వాక్యం నేను రెండుసార్లు చదివి దాటేసిందే. మూడోసారి అక్కడికి రాగానే నవ్వు ఆగిపోయింది.

అప్పటిదాకా అందరికీ ఇది కామెడీ అనే చెప్పేవాణ్ణి. అలా నమ్మి తీసుకెళ్లిన ఆఫీసు ఫ్రెండు, ఊళ్లోవాళ్లు మెరికాట్‌ని ఏడిపించే మొదటి పేజీలకే పుస్తకం తిరిగిచ్చేసింది, తప్పు నాదే. మధ్యలో డబ్బుకోసం దిగే చుట్టం చార్లెస్ భాగం కూడా నాకు ఇప్పటికీ చిరాకే.

బాబాయిలు, పిన్నులు కలిసుండే ఇంట్లో పెరిగాను కాబట్టి నాకింత పట్టిందేమో, ఒక్కరే ఉండేవాళ్లకి ఎలా ఉంటుందో చెప్పలేను. అమ్మ మాత్రం ఆ మర్నాడు కాఫీ గ్లాసు చేతికిచ్చి, నేను ఒక గుక్క తాగేదాకా చూసి, "గిన్నె కడగలేదులే" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.