చెరువు గర్భంలో వెలసిన పేట: చెన్నై త్యాగరాయ నగర్

తెలుగువారు చెన్నై త్యాగరాయ నగర్‌కు ఎక్కువగా వెళ్లేది పట్టుచీరల కోసం, బంగారం కోసం. దుకాణాలు తెరవకముందే బయలుదేరి ఆ వీధుల్లో నడిస్తే, వందేళ్ల కిందటి పట్టణ ప్రణాళిక ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తుంది.

మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం 1920లో వచ్చింది. ఆ తరువాత, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో జస్టిస్ పార్టీ పాలనలో, లాంగ్ ట్యాంక్ అనే పొడవాటి చెరువు నీటిని తీసివేయించి, 1923 ప్రాంతం నుంచి అక్కడ ఈ నివాస పేటను తీర్చిదిద్దారు. పేట నడుమ పానగల్ పార్కును ఉంచి, అక్కడి నుంచి ఉస్మాన్ రోడ్డు, వెంకటనారాయణ రోడ్డు, జి.ఎన్. చెట్టి రోడ్డు వంటి విశాలమైన దారులను నలువైపులకూ సాగించారు. పేటకు పేరిచ్చిన సర్ పిట్టి త్యాగరాయ శెట్టి, పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా ఇద్దరూ తెలుగువారే. రాజావారు 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రథమ మంత్రి, అంటే నేటి ముఖ్యమంత్రి వంటి పదవి. 1931లో బీచ్–తాంబరం మార్గంలో విద్యుత్ రైళ్లు మొదలవడంతో, మాంబలం స్టేషన్ పక్కనే ఉన్న ఈ పేట నగరానికి మరింత చేరువైంది.

ప్రణాళిక నిలిచినంతగా కట్టడాలు నిలవలేదు. వసారా, పెరడు ఉన్న పాత బంగళాలు ఉస్మాన్ రోడ్డులో దాదాపు కనుమరుగై, వాటి స్థానంలో అద్దాల అంతస్తులు లేచాయి. ఒకప్పుడు తిరుమల యాత్రికులు ఎన్.టి. రామారావును చూడడానికి బారులు తీరిన బజుల్లా రోడ్డులోనూ, నటుడు చిత్తూరు నాగయ్య పూనికతో ఏర్పడిన వాణీ మహల్ సభామందిరం ఉన్న జి.ఎన్. చెట్టి రోడ్డు పరిసరాల్లోనూ చెట్ల నీడ కొంత మిగిలింది. నడవడానికి పాండీ బజారే మేలు: 2019లో వెడల్పు చేసిన కాలిబాటల మీద వృద్ధులు సైతం తీరికగా నడవగలరు. స్టేషన్ పక్కనే ఉన్న రంగనాథన్ వీధి జనంతో కిక్కిరిసే సాయంత్రం పూట ఆ మాట అనలేము. సామాన్లతో రైలు దిగినవారు ఆ వీధిలోకి దిగకుండా, స్టేషన్ నుంచి బస్ స్టాండు వరకు 2023లో తెరిచిన పాదచారుల ఆకాశ వంతెన (స్కైవాక్) మీదుగా వెళ్లడం మంచిది.

బస విషయంలో నా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతాను. బస్ స్టాండు దగ్గరి లాడ్జీలు చవకే గాని హారన్ల మోత రాత్రి పొద్దుపోయేదాకా తగ్గదు, గాలి వెలుతురు తక్కువ. అద్దె కొంత ఎక్కువైనా వెంకటనారాయణ రోడ్డు వైపు దిగితే తిరుమల తిరుపతి దేవస్థానం వారి ఆలయం దగ్గరవుతుంది, ఉదయపు నడకకు నటేశన్ పార్కు అందుబాటులో ఉంటుంది.

చెరువు పూడినా పల్లం పల్లమే. 2021 నవంబరు వానలకు ఈ వీధుల్లో నీళ్లు నిలిచాయి. అందువల్ల అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఇటు రావడం కంటే, సంక్రాంతి రద్దీ తగ్గాక, ఎండలు ముదరకముందు ఫిబ్రవరిలో రావడం అన్ని విధాలా అనుకూలం.